దుంగతో పోయి రంపం తెచ్చుకున్నాం

పసుపు తవ్వి కళ్లంలో పోశాక ఎక్కువ రోజులు ఉంచకూడదు. కొమ్ములు పచ్చిగా ఉండగానే పెద్ద కొప్పెరలో పోసి ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. దానికి కట్టెలు కావాలి. మా చేన్లో కట్టెలకు కరువు లేదు. వానాకాలంలో వచ్చిన ఈదురుగాలికి కాలవగట్టు మీది నల్లతుమ్మలు వేళ్లతో సహా పడిపోయి, అక్కడే ఎండి, ఇనుములాగా బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని ముక్కలు చేసే మనిషే దొరకలేదు. ఏటా గొడ్డలి భుజాన వేసుకొని వచ్చే ఆయన ఈసారి మిరపకాయల కోతకని ఇంటిల్లిపాదినీ తీసుకొని వలస పోయాడు. ఆళ్లగడ్డలో రంపం మిషనుతో బాడుగకు కోసేవాడు ఒకడున్నాడు. ఫోన్ చేస్తే "రేపొస్తానక్కా" అనేవాడు. మర్నాడు చేసినా అదే మాట, అదే మర్యాద.

మా ఆయన ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఉన్నాడు కానీ బండి మీది నుంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేసి, ఏడాది దాకా బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. ఆయన గట్టు మీద కూర్చొని ఆ తుమ్మల్ని చూస్తూ, "కట్టెలు పెట్టుకోని కట్టెల కోసం ఏడుస్తాండాం" అని రోజూ ఒకసారి అనేవాడు.

అట్లాంటప్పుడు వచ్చింది మా వదినె. ఆయనకు అక్క. దొర్నిపాడు పక్క పల్లెలో ఉంటుంది. భర్త పోయినాక సేద్యమంతా తానే చేస్తుంది, ట్రాక్టరు తోలుతుంది. ఆమెకూ పసుపు ఉంది, ఆమెకూ కట్టెల బాధ ఉంది. వచ్చీ రాగానే చెప్పులు కూడా విడవకుండా నన్ను అడిగింది.

"ఏమ్మే, వాని కోసం ఎన్నాళ్లు సూస్తావ్? మనమే ఒక మిషను తెచ్చుకుందాం. సగం నీది, సగం నాది."

"తెస్తే ఎవరు కోస్తారు వదినె?"

"మనకు చేతులు ల్యావా?"

మా ఆయన నవ్వబోయి, అక్క ముఖం చూసి ఆపుకున్నాడు.

కొనాలని ఒప్పుకోవడం తొందరగానే అయింది. ఎట్లాంటిది కొనాలనే దగ్గర మాకిద్దరికీ కుదరలేదు. ఏడాదికి ఒకసారి పనికొచ్చేదానికి చౌకదే చాలని నేను. చౌకది కొంటే మళ్లీ ఇంకోటి కొనాల్సిందే, తెచ్చేదేదో పెద్దదే తెద్దామని ఆమె. వంట చేస్తూ వాదించుకున్నాం, తింటూ వాదించుకున్నాం. చివరికి ఆమే అంది: "కుండ కొనేటప్పుడు కొట్టి సూస్తాం గదా. రంపం కొనేటప్పుడు కోసి సూడొద్దా? అంగట్లో వాళ్లు ఏదో మెత్తని కట్టె పెట్టి కోసి చూపిస్తారు. మన తుమ్మను మనమే తీసుకపోదాం. ఏది దీన్ని కోస్తే అదే తెచ్చుకుందాం."

నేను పరాచికానికి అంటోందనుకున్నాను. పొద్దున లేచేసరికి ఆమె గట్టు దగ్గర చేతిరంపం పట్టుకొని నిలబడి ఉంది. ఆ కొసా ఈ కొసా పట్టుకొని, చెమటలు కారేదాకా లాగి, తొడలావు కొమ్మ నుంచి ఒక దుంగను కోశాం. ఆ ఒక్క దుంగకే నా అరచేతులు ఎర్రబడ్డాయి. మిషను కావాలని నాకు మనసులో గట్టిగా అనిపించింది అప్పుడే.

దుంగను గోనెసంచిలో వేసి, చెరో కొస పట్టుకొని ఆళ్లగడ్డ బస్టాండుకు పోయాం. నంద్యాల బస్సు ఎక్కి, సంచిని మా కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. బస్సు కదిలినాక కండక్టరు వచ్చాడు. మా ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్లు రెండు చించి ఇచ్చాడు. అప్పుడు ఆయన కాలు సంచికి తగిలింది.

"ఏందక్కా ఇది? రాళ్లా?"

"దుంగప్పా" అంది వదినె.

"దుంగనా? నంద్యాలలో కట్టెలు దొరకవా?"

"అమ్మనీకి కాదు. రంపాలకు పరీక్ష పెట్టనీకి తీసుకపోతాండాం."

ముందు సీట్లో వాళ్లంతా వెనక్కి తిరిగారు. కండక్టరు సంచిని చేత్తో కొంచెం ఎత్తి చూసి కింద పెట్టాడు. "మీకిద్దరికీ దుడ్లు అక్కర్లేదు. దీనికి మాత్రం లగేజీ టికెట్ తీసుకోవల్ల."

"అదేం న్యాయమప్పా? తుమ్మ కూడా ఆడదే గదా."

"అట్లయితే దాని ఆధార్ చూపించమనక్కా."

బస్సంతా నవ్వులు. వదినె కూడా నవ్వేసింది. ఆమెను మాటతో గెలిచిన మనిషిని నేను చూడటం అదే మొదలు. మర్యాదగా దుంగకు టికెట్ తీసుకున్నాం. శిరివెళ్లలో దిగిపోయే ముసలాయన ఒకడు సంచిని తట్టి, "పాసై రా తల్లీ" అని దీవించి మరీ దిగాడు.

నంద్యాలలో ముందు అద్దాల అంగడికి పోయాం. అది వదినె కోరిక. లోపల ఏసీ, గోడకు వరసగా మిషన్లు. అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని కుర్రాడు దించి మా ముందు పెట్టాడు. అందంగానే ఉంది. ఎత్తితే బరువు తెలియలేదు. ఆ మెరుపు చూస్తే దాన్ని చేనికి తీసుకుపోవాలంటే నాకే మనసు రాలేదు.

"సార్ రాలేదా మేడమ్?" అన్నాడు కుర్రాడు.

"సార్ కొయ్యడప్పా, మేమే కోసేది" అన్నాను.

వదినె సంచి మూతి విప్పింది. "దీన్ని కోసి చూపించు."

అతను దుంగను చూశాడు, కింద మెరిసే పాలరాయిని చూశాడు, మళ్లీ దుంగను చూశాడు. "కొత్త పీసు స్టార్ట్ చేయకూడదు మేడమ్. వీడియో ఉంది, చూపిస్తా."

ఫోన్లో ఎవరో తెల్లాయన మంచులో నిలబడి, పెద్ద దేవదారు చెట్టును కోస్తున్నాడు. వదినె చివరిదాకా శ్రద్ధగా చూసింది. "బాగుండాది. దీంట్లో మా తుమ్మ మాత్రం ల్యా" అంది. చైను తెగితే ఇంకోటి ఎప్పుడు దొరుకుతుందని నేను అడిగాను. హైదరాబాదు నుంచి తెప్పిస్తాం, వారం పది రోజులు అన్నాడు. పసుపు అన్ని రోజులు కళ్లంలో కూర్చోదు. వదినె నా ముఖం చూసి సంచి మూతి కట్టేసింది.

రెండో అంగడి మార్కెట్ యార్డు పోయే దారిలో ఉంది. మోటార్లు, మందుకొట్టే పంపులు, పైపుల చుట్టలు. కూర్చోవడానికి కుర్చీ కూడా ఖాళీ లేదు. యజమాని పెద్దాయన, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని లెక్కలు చూసుకుంటున్నాడు. మేము సంచి విప్పగానే లేచి వచ్చి, దుంగను వేళ్లతో కొట్టి చూశాడు.

"నల్లతుమ్మ! బాగా ఎండింది. మిషన్లను చంపనీకి తెచ్చినారా, కొననీకి తెచ్చినారా?"

"చావనిది కొంటాం" అంది వదినె.

ఆ మాట ఆయనకు బాగా నచ్చినట్టుంది. రెండు మిషన్లు తీసుకొని మమ్మల్ని అంగడి వెనక సందులోకి పిలిచాడు. ఒకటి చౌకది, పొడుగాటి బ్లేడుతో చూడటానికి రాకాసిలా ఉంది. ఇంకోటి మధ్యరకం. బ్లేడు కొంచెం పొట్టి, రంగు కూడా సాదా. "ధర మీరు చూసుకోండి, పని నేను చూపిస్తా" అన్నాడు.

దుంగను రెండు ఇటుకల వరసల మధ్య బిగించి, ముందు చౌకదాన్ని స్టార్ట్ చేశాడు. ఆ శబ్దానికి సందు చివర ఉగ్గాని బండి దగ్గర తింటున్నవాళ్లు ప్లేట్లతో సహా వచ్చి నిలబడ్డారు. మిషను మొదట బాగానే దిగింది. నాకు సంతోషమైంది, చూశావా అన్నట్టు వదినెను మోచేత్తో పొడిచాను. సగం దాకా పోయి మూలగడం మొదలుపెట్టింది. పొగ వచ్చింది. టప్పుమని చైను పట్టాలు దిగి వేలాడింది. పెద్దాయన ఆపేసి, "మెత్తని కట్టెకు ఇది చాలు. వేపకు, సుబాబులుకు సరిపోతాది. మీ తుమ్మకు చాలదమ్మా" అన్నాడు. ఇప్పుడు వదినె వంతు. నన్ను మోచేత్తో తిరిగి పొడిచింది.

మధ్యరకం దానికి అంత ఆర్భాటం లేదు. దిగింది, ఆగలేదు, అవతలికి వచ్చేసింది. గుండ్రటి బిళ్ల ఒకటి నేల మీద దొర్లి ఉగ్గాని బండి దగ్గర ఆగింది. ఎర్రటి పొట్టు, తుమ్మ వాసన. పిడి ముందు అడ్డంగా ఉన్న రక్షణ పలక చెయ్యి తగిలి ముందుకు పోతే చైను టక్కున ఆగిపోవడం కూడా ఆయన చూపించాడు. "చెయ్యి జారినా మనిషికి ఏమీ కాకూడదు. దీని కోసమే కొంచెం ఎక్కువ పెట్టాల్సింది" అన్నాడు.

"ఇది కోస్తే సరిపోయిందా? మేము కొయ్యాల గదా" అని వదినె నన్ను ముందుకు తోసింది.

కొంగు నడుముకు దోపుకున్నాను. పాదంతో వెనక పిడిని తొక్కిపట్టి, తాడు లాగమన్నాడు పెద్దాయన. లాగాను, ఏమీ కాలేదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకడు "అక్కా, గట్టిగా" అన్నాడు. ఇంకొకడు "కాదు, బేగా లాగల్ల" అన్నాడు. బావిలోకి బొక్కెన జారిపోతుంటే తాడును ఎట్లా లాగుతామో అట్లా లాగాను. మిషను గర్జించింది. నా ఒళ్లంతా వణికింది, భయంతో కాదు, దాంతో పాటు. బ్లేడును దుంగ మీద ఆనించాను. నేను నొక్కనక్కర లేకుండానే అది కిందికి పోతూ ఉంటే, ఏదో బరువు నా లోపలి నుంచి కూడా తెగి పడుతున్నట్టు అనిపించింది. బిళ్ల పడగానే జనం చప్పట్లు కొట్టారు. పెళ్లిలో కూడా నన్ను అంతమంది చూడలేదు.

మా ఇద్దరి వాదమూ అక్కడే తీరిపోయింది. నా చౌకదీ కాదు, ఆమె ఖరీదైనదీ కాదు. వదినె ధర దగ్గర బేరం చేయలేదు. ఇంకో చైను, దాన్ని పదును పెట్టే గుండ్రటి ఆకురాయి, చేతితొడుగులు, కళ్లద్దాలు ఒక్కొక్కటే అడుగుతూ, ఆయన తల పట్టుకొనేదాకా బేరం చేసింది. దుంగ ముక్కల్ని ఉగ్గాని బండామె పొయ్యిలోకి అడిగింది. ఇచ్చేశాం. బదులుగా ఆమె వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టి, వద్దన్నా ఇంకో వాయి వేసింది.

మర్నాడు పొద్దున గట్టు మీద మిషను పెట్టి, చెప్పినట్టు ఆయిలు కలిపిన పెట్రోలు పోసి, తాడు లాగాను. లేవలేదు. వదినె లాగింది. లేవలేదు. వంతులు వేసుకొని లాగాం. మా ఆయన దూరంగా కూర్చొని, మిషనుతో వచ్చిన పుస్తకాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. "నువ్వు నోరు మూసుకోరా" అంది వదినె. ఆఖరికి అంగడి పెద్దాయనకు ఫోన్ చేసింది.

"ఎర్ర స్విచ్చు పైకుందా, కిందికుందా?" అన్నాడాయన.

వదినె వంగి చూసింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "కిందికుండాది" అని నాతో గొణిగి, స్విచ్చును పైకి నొక్కి, "పైకే ఉండాది గదప్పా!" అని ఆయనతో గట్టిగా చెప్పింది.

"ఇప్పుడు లాగండి, లేస్తాది" అన్నాడాయన. నవ్వు ఆపుకొంటున్నట్టు గొంతులోనే తెలిసిపోయింది.

లేచింది. మొదటి మాను సగం తెగినాక బరువుకు కుంగి బ్లేడును పట్టేసుకుంది. ఎంత లాగినా రాదు. అప్పుడు మా ఆయన వచ్చి, ఎడమచేత్తో సుత్తి పట్టుకొని, గొడ్డలితో చెక్కిన కట్టె మేకును సందులో దిగ్గొట్టాడు. నోరు తెరుచుకొని బ్లేడు వదిలేసింది మాను. అప్పటి నుంచి మేకులు చెక్కే పని ఆయన తీసుకున్నాడు. భుజం విరిగినప్పటి నుంచి ఆయన ముఖంలో లేని కళ ఆ రోజు చూశాను. మధ్యాహ్నానికి కొప్పెర కింద మంట లేచింది. పసుపు ఉడికే వాసన, ఆ ఘాటు, చేనంతా కమ్ముకుంది. మా పసుపు అయిపోగానే మిషను వదినె ఊరికి పోయింది, నేనూ వెంట పోయాను.

ఆ తర్వాత అరువు అడిగేవాళ్లు మొదలయ్యారు. వదినె అందరికీ ఒకటే మాట చెప్పింది: "మిషను ఒంటరిగా పంపం. కావాలంటే మేమిద్దరం దాంతో వస్తాం." అనుకోకుండా అదే ఒక అలవాటైంది. పోయిన నెల అవుకు దగ్గర మాకు వరసయ్యే వాళ్ల చేన్లో, బోరు షెడ్డు మీద పెద్ద వేపకొమ్మ విరిగి పడిందంటే పోయాం. కళ్లద్దాలు పెట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తికట్టి, పైన చొక్కాలు తొడుక్కొని మేము దిగేసరికి, ఆ ఇంటి ముసలమ్మ వాకిట్లో నుంచి లోపలికి కేక వేసింది: "ఏయ్, ఎవరో పోలీసులు వచ్చినారు, సూడండి!"

కొమ్మ కోసి షెడ్డు ఖాళీ చేసేసరికి అన్నం వేళైంది. జొన్నరొట్టె, చెనిక్కాయల చెట్నీ, గుమ్మడికాయ పులుసు పెట్టారు. చెవుల్లో ఇంకా మిషను మోగుతూ ఉండటంతో ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరం గట్టిగా అరుచుకుంటూ తిన్నాం. ముసలమ్మ మూడో రొట్టె తెచ్చి వదినె కంచంలో వేస్తూ, వచ్చే ఏడు మా తుమ్మలూ కోసిపెట్టండమ్మా అంది. వదినె రొట్టె తుంచుకుంటూ, ఆమె ఏమందని నన్ను అడగకుండానే, సరేనంది.