ఎర్ర గీత ఎక్కిన ముల్లు

రాజాం నుంచి విజయనగరం వెళ్ళడానికి బస్సులకేం కొరత లేదు. అయినా మేం కారులో బయల్దేరడానికి కారణం మా అత్త కన్ను. అక్కడి కంటి ఆస్పత్రిలో ఆవిడకి శుక్లం తీసి వారం దాటింది. ఇంటికి తీసుకుపోవచ్చునని డాక్టరుగారు కబురు పంపారు గానీ, తోపులాట కూడదు, కుదుపులు కూడదు, ఎండలో నిలబెట్టకూడదు, తల వంచనివ్వకూడదు అన్నారు. మా బస్సుల్లో ఇవన్నీ టిక్కెట్టుతో పాటే ఇస్తారు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పట్నుంచీ బావా అనే పిలుస్తాను. రాజాంలో ధాన్యం వ్యాపారం. ఆ ఏడాదే ఎవరో రిటైరైన ఆఫీసరు దగ్గర పాత నల్ల కారు ఒకటి కొన్నాడు. కొన్ననాటి నుంచీ దానికో అనుమానం జబ్బు. ఇంజను వేడి చూపించే ముల్లు ఉన్నట్టుండి ఎర్ర గీత ఎక్కి కూర్చుంటుంది. బావ రోడ్డు కంటే ఆ ముల్లునే ఎక్కువ చూస్తాడు. నన్నెప్పుడూ అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. ఊరు దాటి కొంత దూరం హాయిగానే సాగింది. గతుకుల రోడ్డు మొదలవగానే ముల్లు లేచింది. బావ ముఖం వాడిపోయింది. ఎలాగో చీపురుపల్లి చేరి టీకొట్టు ముందు ఆపాడు. అక్కడ టీ తాగుతున్న సాలూరు లారీ డ్రైవరొకాయన మమ్మల్ని అడక్కుండానే వచ్చి తల ఆడించాడు.

"ఇంజను పోతాది బాబూ. ఇలాటివి మా ఊరి రిపేరు షెడ్లకి గొలుసులేసి లాక్కొస్తారు. ముందల తడి గోనె కట్టండి, సల్లగుంతాది."

ధాన్యం వ్యాపారి కారులో గోనెలకేం కరువు! ఒకటి తడిపి ముందు కట్టేశాం. అరగంట పైనే ఆగి, ఇంజను చల్లారాక బావ గుడ్డ వేసి రేడియేటరు మూత తిప్పాడు. నేను నూతి దగ్గర అడిగి బకెట్టుడు నీళ్ళు మోసుకొచ్చాను. పట్టినవి చెంబులో సగం కూడా లేవు.

"ఇంతలా మరిగితే నీళ్ళు తరిగిపోవాలి కద బావా?" అన్నాను.

"ఇంజన్ల సంగతి నీకేటి తెలుసే?"

"ఇంజను తెల్దు. ఎసరు తెలుసు."

బావ మూత బిగించి బండెక్కాడు. గోనె కట్టుకున్నా ముల్లు మాత్రం దారిలో మరో రెండుసార్లు లేచింది. విజయనగరం చేరేసరికి దీపాలు పెట్టేశారు.

ఆస్పత్రిలో అత్త పొద్దున్నే మూట కట్టుకుని కూర్చుందట. ఒక కంటికి పట్టీ, రెండో కన్ను మంచం పక్కనే మెట్లవైపు తెరిచిన తలుపు మీద.

"రేపు తీసుకెల్తార్రా?" అంది కొడుకుని.

"తీసుకెల్తామమ్మా," అన్నాడు గానీ, బయటకొచ్చాక మెట్ల మీదే ఆగిపోయాడు. "నడిదారిలో ఆగిపోతే అమ్మని ఎండలో ఎక్కడ కూకోబెడతామే? ఏ లారీయో ఎక్కించాల్సొస్తే కన్ను ఏటవుతాది?"

 కారు వద్దనుకుంటే ఆవిడ ఇంకా కొన్ని వారాలు ఇక్కడే ఉండాలి. ఆ మాట చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. స్టేషను దగ్గర సత్రంలో గది దొరికింది. గది శుభ్రంగా ఉంది, నల్లులు మాత్రం మాకంటే ముందే దిగాయి. పక్క హోటల్లో చారు బాగుంది. బావ అన్నం కెలికి వదిలేశాడు.

తెల్లారి ఆరింటికి కారు దగ్గరికెళ్ళాం. బానెట్టు మీద మంచు నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి వేస్తే జివ్వుమంది. బావ కూర్చుని తాళం సగం తిప్పి ఎందుకో ఆలోచనలో పడ్డాడు. నేను అలవాటుగా ముల్లు వైపు చూశాను. మెల్లగా పాకుతూ ఎర్ర గీత ఎక్కేసింది.

"బావా, ఇంజను స్టార్టు సేసినావేటి?"

"ఇంకా నేదు."

"మరి ముల్లేటి మరుగుతన్నాది?"

బావ ముల్లుని చూశాడు, నన్ను చూశాడు, ఒక్క దూకులో దిగి బానెట్టు ఎత్తాడు. ముల్లుకి కబురు మోసుకుపోయే తీగ ఒకటి ఇంజను దగ్గర్నుంచి లోపలికి వెళుతుంది. అది ఇనుముకి రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగి, లోపలి రాగి ఇనుముకే తగులుతోంది. దాన్ని పుల్లతో పక్కకి నెడితే ముల్లు దిగింది, వదిలితే ఎక్కింది. గతుకు తగిలినప్పుడల్లా జరిగిందీ ఇదే. నాకు నవ్వాగలేదు. బావకీ ఆగలేదు.

సైకిలు షాపు తెరిచేదాకా ఉండి నల్ల టేపు తెచ్చి చుట్టాం. అయినా నాకు నమ్మకం చాలలేదు. నిన్నటిదాకా అబద్ధమాడిన ముల్లు ఇవాళ నిజమే చెబుతోందని ఎవరు చూశారు? గాలికి అడ్డమని గోనె విప్పేసి, నెల్లిమర్ల దాకా వెళ్ళి వచ్చాం. ముల్లు మధ్యలో ఆగి కదల్లేదు. ఆవిరి లేదు, మాడు వాసన లేదు, చల్లారాక మూత తీస్తే నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. పాత కారున్న వాళ్ళకి నేను చెప్పేదిదే. ముల్లు లేస్తే బండి ఆపాల్సిందే, వేడి మీద మూత ముట్టుకోకూడదు. కానీ ఇంజను పోయిందని ఏడ్చే ముందు ఆవిరీ నీళ్ళూ చూసుకోండి, రాత్రంతా చల్లారిన ఇంజనుకి పొద్దున్నే స్టార్టు చెయ్యకుండా ఒట్టి తాళం తిప్పి చూడండి. అప్పుడూ ముల్లు ఎక్కితే అబద్ధం ముల్లుదే.

పదింటికి అత్తని ఎక్కించాం. తలగడల మధ్య కూర్చోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. ఎక్కగానే నా చెయ్యి పట్టుకుంది. గరివిడి దాటినా, చీపురుపల్లి దాటినా రెండో కన్నూ తెరవలేదు, పట్టు సడలలేదు. నిద్రలో ఉందనుకున్నాను. బావ గతుకు గతుకుకీ ఎద్దుబండి కంటే నెమ్మదిగా తోలాడు, ముల్లు వైపు చూడటం కూడా మర్చిపోయాడు. చేలగాలి చల్లగా వస్తోంది. నిన్న ఇదే దారి మమ్మల్ని ఎంత ఏడిపించిందో నమ్మబుద్ధి కాలేదు.

కారు ఆగింది. అత్త గోళ్ళు నా అరచేతిలో దిగాయి.

"ఆగిపోనాదేటే? నిన్న మెట్ల మీద మీరనుకున్నది ఇన్నాను. సెప్పు, బయపడను."

"ఆగిపోనేదత్తా. ఇంటికొచ్చీసినాం."

అప్పుడు వదిలింది నా చెయ్యి.