జకర్యా సంతకం

జకర్యా అన్న జన్మలో ఓడ ఎక్కలేదు. హుస్సేన్ సాగర్‌లో బోటు ఎక్కుదామన్నా "నీకో దండం" అనేవాడు. అలాంటి మనిషి సంతకం లేనిదే మా నేరేడ్‌మెట్ వర్క్‌షాపు నుంచి ఒక్క రోబో కూడా సముద్రానికి పోయేది కాదు. నీళ్ళలో దిగి సముద్రం అడుగు కొలిచే మిషన్లవి. వాటి డబ్బాలు నేను లేత్ మీద తీస్తే, మూతలు బిగించేది ఆయన. గాడిలో రబ్బరు రింగు కూర్చోబెట్టే ముందు గ్లౌజులు లేకుండా, కళ్ళు మూసుకుని, బొటనవేలితో గాడంతా తడిమేవాడు. "కంటికి కానరానిది ఏలికి ఎర్కైతదిరా, చారీ" అనేవాడు. తర్వాత లోపలి గాలి లాగేసి, మీటరులో ముల్లు కదులుతుందేమోనని గంటసేపు దాని ముందే కూర్చునేవాడు. ఆ గంటా చాయ్ కూడా ముట్టడు. ముల్లు కదలకపోతేనే కాగితం మీద సంతకం. ఈ సంగతి జరిగేదాకా, ఇరవై రెండేళ్ళలో ఆ సంతకం పడ్డ మూతలోకి చుక్క నీరు దిగలేదు.

రెండువేల పదకొండు దసరా మర్నాడు రెండు రోబోలు వైజాగ్ వెళ్ళాలి. ఆయన పండగ ముందురోజే రెండూ బిగించి, సంతకం పెట్టి, మల్కాజ్‌గిరి ఇంటికి పోయాడు. ఆయుధపూజ నా వంతు. లేత్‌కు బొట్టు పెట్టాను, డ్రిల్లుకు పెట్టాను. రోబోల దగ్గరికి వచ్చేసరికి నాకు ఎక్కడలేని తెలివి పుట్టుకొచ్చింది. పైనున్నది ఉత్త డబ్బా, అసలు మిషన్ లోపల కదా ఉన్నది! డబ్బాకు పెడితే పూజ ఎవరికి చేసినట్టు? రెండు మూతలూ విప్పి, లోపల మోటార్లకు గంధం, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ బిగించాను. తాతల నాటి నుంచి పనిముట్లతో బతికే ఇంటివాడిని, మూత బిగించడం నాకు రాదా అనుకున్నాను. పొగరు! ఎవరికీ చెప్పలేదు.

పన్నెండో రోజు పొద్దున ఓడ మీద నుంచి శాటిలైట్ ఫోను వచ్చింది. ఇంజినీరు ఆలిస్ గొంతు స్పీకరులో ముక్కలు ముక్కలుగా వినిపించింది. మొదటి రోబో నలభై మీటర్లు దిగగానే లోపల నీళ్ళు చేరి అలారం మోగిందట. పైకి లాగి, రింగు రెండుసార్లు మార్చినా మళ్ళీ అదే గోల.

"వాతావరణం పాడవుతోంది అంకుల్. రేపు వెనక్కి తిరగాలి. రెండోది క్రేనుకు తగిలించాం, ఆరువందల మీటర్లు దింపాలి. అదీ కారితే మిషన్ పోయినట్టే."

జకర్యా అన్న ముఖం పాలిపోయింది. అయినా, "దింపమ్మా. రెండోదానికి నాది పూచీ" అన్నాడు.

రెండోది కూడా నేను విప్పిందే కదా! చెప్తే నా ఉద్యోగం పోతుంది, నేను పర్మినెంటు కూడా కాదు. చెప్పకపోతే ఆ మనిషి పూచీ సముద్రంలో కలుస్తుంది. ఫోనులో క్రేను కిర్రుమంటోంది. నేను ఫోను మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టాను.

"అన్నా, జెర ఆపమను! దసరా నాడు రెండు మూతలు నేనే విప్పిన. లోపల బొట్టు పెట్టిన."

ఆయన చూసిన చూపుకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. "గాడిదా! సంతకమైనంక ముట్టుకుంటవారా?" అని, నా చెయ్యి తోసేసి ఫోనులోకి అరిచాడు. "ఆపమ్మా, ఆపు! పైకి లాగు!"

ఫోనులో క్రేను చప్పుడు ఆగిపోయింది. లైను తెగిందా, రోబో మునిగిందా? నేను మొక్కని దేవుడు లేడు, జకర్యా అన్న దేవుడికి కూడా మొక్కాను. చివరికి ఆలిస్ గొంతు వచ్చింది. "ఆపాం అంకుల్. అప్పుడే నీళ్ళను తాకింది."

"ముందు మొదటిదాని సంగతి చూద్దాం. గ్లౌజులు తియ్యమ్మా. కళ్ళు మూసుకో. గాడిలో బొటనవేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పు."

"నున్నగానే ఉంది... ఆఁ, ఇక్కడేదో గరుగ్గా తగుల్తోంది. ఆవగింజంత. గీకితే ఎర్రగా వస్తోంది. ఏంటిది?"

"కుంకుమమ్మా. గంధంతో కలిసి గట్టిపడ్డది. పండక్కి నేనే పెట్టిన" అన్నాడు జకర్యా అన్న.

"మీరా? మీరు చర్చికి వెళ్తారు కదా అంకుల్!"

"నేనేనమ్మా. రెండోది సుత విప్పి గట్లనే చూడు."

నేను నోరు తెరవబోయాను. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు చూశాను, అరుపులు విని మా ఓనరు భద్రయ్య గదిలోంచి వచ్చి వెనకాల నిలబడి ఉన్నాడు.

"సంతకమైనంక మూత విప్పితివా, జకర్యా?"

"తప్పే సార్. చారీ యాదిచేసిండు గాబట్టి ఆపినం."

మధ్యాహ్నం మూడింటికి ఆలిస్ మళ్ళీ ఫోను చేసింది. గాడులు శుభ్రం చేసి బిగించాక రెండు రోబోలూ అడుగు దాకా దిగాయి, లోపల తడి లేదు. జకర్యా అన్న స్టూలు మీద కూలబడి, కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

భద్రయ్య టెస్టు కాగితాల ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. "రేపటిసంది సంతకం నువ్వు పెట్టు, చారీ. టైముకు యాదిచేసినవ్, నీ మీద భరోసా ఉంది. జకర్యా మూతలు బిగిస్తడు, అంతే."

జకర్యా అన్న తలూపి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. కాదు సార్, విప్పింది నేను అనాలి. అంతే కదా అనాల్సింది! నేను పెన్ను తీసుకున్నాను. ఆయన రిటైరయ్యేదాకా, రెండున్నరేళ్ళు, ఆయన బిగించిన ప్రతి మూతకూ నేనే సంతకం పెట్టాను.