తూటా అడుగు చదివే ఎల్మర్

ఎల్మర్ హాస్టెటర్‌కి ఒకటే జబ్బు. పేలిన తూటా కంటపడితే దాని అడుగు చదవకుండా ఉండలేడు. అది బురదలో ఉన్నా, పరాయివాళ్ల బల్ల మీద ఉన్నా సరే. మెడలో వేలాడే భూతద్దం కంటికి ఆనించి, ఇత్తడి మీద కొట్టిన అక్షరాలూ అంకెలూ చూసి, అది ఏ ఊళ్లో ఏ ఏడు తయారైందో పైకి చెప్పేవాడు. "సెయింట్ లూయిస్, నలభై మూడు!" అడిగినవాడెవడూ ఉండడు.

చెప్పేవాడు అనాల్సి వస్తోంది. మంగళవారం పొద్దున ఎల్మర్ పోయాడు. నలభై ఏళ్లుగా స్నేహితుడైన డ్యూయీ క్రాట్జర్‌కి ఆ మాట ఇంకా మింగుడు పడలేదు.

పెన్సిల్వేనియా కొండల్లోని ఆ చిన్న ఊళ్లో, సైన్యాలు వదిలించుకున్న పాత తుపాకులు కొనుక్కుని కాల్చుకునే ముసలాళ్ల గుంపు ఒకటుంది. వాళ్లు ప్రతి శనివారం మైదానంలో చేరతారు. ఒకసారి పక్కూరి మంగలి ఒక తుపాకి తెచ్చి, "జర్మన్‌ది, కారుచవగ్గా కొట్టేశాను" అని మురిసిపోయాడు. ఎల్మర్ దాని కర్ర వాసన చూసి, గొట్టంలోకి తొంగి చూశాడు. "టర్కీది నాయనా! లోపలంతా తుప్పు. పేల్చావంటే గీసుకోవడానికి నీకు గడ్డం కూడా మిగలదు. గోడకి తగిలించుకో" అన్నాడు.

తన స్వీడన్ తుపాకి పేల్చినప్పుడు మాత్రం గురి వంక చూసేవాడే కాదు. వెంటనే గడ్డిలోకి వంగేవాడు.

"తగిలిందట్రా?" అనేవాడు డ్యూయీ.

"ఏమో! తూటా మాత్రం నలభై ఒకటి నాటిది."

ఈ పిచ్చి శ్మశానంలో కూడా మానకపోవడమే డ్యూయీకి ఒళ్లు మండించేది. ఊళ్లో మాజీ సైనికుడెవరైనా పోతే, మాజీ సైనికుల సంఘం తరఫున ఏడుగురు వరసగా నిలబడి, గుండు లేని తూటాలతో మూడేసిసార్లు ఆకాశంలోకి కాల్చి, బాకా ఊదిస్తారు. రాలిన ఖాళీ తూటాల్లో మూడింటిని, మడిచిన జెండాతో పాటు ఇంటివాళ్ల చేతిలో పెడతారు. ఆ మూడూ ఏరేది ఎల్మరే. బాకా ఆగీ ఆగకముందే గడ్డిలో చతికిలబడి ఇరవై ఒకటీ తిరగేసేవాడు. ఇంకెవరైనా వంగితే మోచేత్తో నెట్టేసేవాడు. హెర్మన్ షాఫర్‌ని పూడ్చినరోజు ఎల్మర్ లేచేదాకా పాస్టరుగారు ఒకే ప్రార్థన రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

"లేవరా, పరువు తీస్తున్నావు!" అని డ్యూయీ పళ్లు నూరాడు. "ఏవో మూడు ఇచ్చెయ్యరాదూ!"

"ఉండరా, డెన్వర్ నలభై రెండు ఇంకోటి దొరకాలి."

శుక్రవారం ఎల్మర్‌కే ఆ మర్యాద జరగాలి. పాత తూటాల్లో మందు నింపి తయారుచేసేది కూడా అతనే కాబట్టి, బుధవారం డ్యూయీ ఎల్మర్ ఇంటి పెరటి షెడ్డుకి వెళ్లాడు. ఎల్మర్ భార్య లోర్నా తాళం తీసి, కాఫీ ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

అరల నిండా పాత కాఫీ డబ్బాలు. ఒక్కోదాని మీద ఒక మనిషి పేరు. "హెర్మన్ షాఫర్. 42. ఇచ్చేశాను." ఆ డబ్బా ఖాళీ. బతికున్నవాళ్ల డబ్బాల్లో మాత్రం మూడేసి తూటాలున్నాయి. ఎవరు ఏ ఏడు సైన్యంలో చేరారో సరిగ్గా ఆ ఏటివి. శ్మశానంలో ఇరవై ఒకటీ తిరగేసింది ఆ మూడింటి కోసమే.

డ్యూయీ తన డబ్బా వెతికి పట్టుకున్నాడు. "డ్యూయీ. 52. (అందరితో 50 అని కోస్తాడు. పైకి చదవకూడదు, గొణగాలి.) తొందరేం లేదు."

డ్యూయీ గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలోనే ఏడుపై, కాసేపు ఆగలేదు.

"లోర్నా, వాడి డబ్బా ఏదీ?"

"ఆయనకెవరు చేస్తారు? అన్నీ ఆయనే చేసేవాడు కదా."

"పోనీ, వాడు ఏ ఏడు చేరాడు?"

లోర్నా అతని మొహంలోకి చూసింది. "నలభై ఏళ్లు పక్కన కూర్చున్నావు డ్యూయీ. ఒక్కసారైనా అడగలేదా?"

ఊళ్లో అందరి ఏడూ తెలిసినవాడి ఏడు ఎవరికీ తెలియదు.

"నలభై అయిదు" అంది లోర్నా. "వెళ్లిన వారానికే యుద్ధం అయిపోయింది. గిడ్డంగిలో కూర్చోబెట్టి రెండేళ్లు తూటాలు ఏరించారు. మీరు నవ్వుతారని చెప్పేవాడు కాదు."

నవ్వేవాళ్లమే, అనుకున్నాడు డ్యూయీ. అందరికంటే తనే ముందు నవ్వేవాడు. ఆ సంగతి అతన్ని కోసేసింది.

బల్ల మీది భూతద్దం మొదటిసారి కంటికి ఆనించుకున్నాడు. పేరు లేని డబ్బాలన్నీ కుమ్మరించి వెతికితే, చీకటిపడేవేళకి నలభై అయిదు నాటివి మూడు దొరికాయి. శనివారాలు మైదానంలో పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ నలభై ఏళ్లు చూసిన పనే కనుక, ఎల్మర్ పనిముట్లతోనే వాటిలోనూ మిగతా పద్దెనిమిదింటిలోనూ మందు నింపాడు.

శుక్రవారం మూడుసార్లు తుపాకులు మోగాయి. బాకా ఆగింది. నొప్పి మోకాలు పట్టుకుని డ్యూయీ గడ్డిలో చతికిలబడ్డాడు. మిగతా ఆరుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఫిలడెల్ఫియా, నలభై అయిదు!" అని అరిచాడు డ్యూయీ. కాసేపటికి మళ్లీ అరిచాడు. పాస్టరుగారు పుస్తకం మూసి ఓపిగ్గా నిలబడ్డారు.

"లేవరా, పరువు తీస్తున్నావు" అని పక్కవాడు చెవిలో గొణిగాడు.

"ఉండరా, ఇంకోటి దొరకాలి" అన్నాడు డ్యూయీ, కళ్లు తుడుచుకుంటూ.

జెండా ఒళ్లో పెట్టుకున్న లోర్నా మంగళవారం తర్వాత మొదటిసారి నవ్వింది.