రాగి పూసిన కానుగ ఆకు

మా పాప మొదటిసారి తనంతట తాను నడిచింది పెరట్లోని కానుగ చెట్టు దాకా. కిందికి వంగిన కొమ్మ నుంచి ఒక ఆకు తెంపి, నాకు చూపించి, అక్కడే కూలబడింది. చూడటానికి నేనొక్కదాన్నే ఉన్నాను. అత్తమ్మ చేనుకు పోయింది. పాప తండ్రి భూపాలపల్లిలో, బొగ్గు గనుల సమ్మెలో ఉన్నాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం పనులన్నీ ఆగిపోయిన రోజులవి. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరున్న మా ఊరి నుంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. వాటి మీద రైళ్ల కన్నా జనమే ఎక్కువగా ఉండేవారు.

ఫోన్లో ఆయనకు చెప్పాను.

"నడిసిందా? ఎటు నడిసింది?"

"కానుగ చెట్టు దాక. ఆకు తెంపింది."

"నేను లేంది సూసి నడిసింది, దొంగది. ఆ ఆకు దాసిపెట్టు. వచ్చినంక సూస్త."

"ఎప్పుడొస్తవ్?"

"గది నా చేతుల ఉన్నదా?" అన్నాడు. వెనక ఎవరో పిలుస్తున్నారు. ఫోన్ పెట్టేశాడు.

దాచిపెట్టమన్నాడు, సరే. కానీ ఆకు ఎన్నాళ్లుంటుంది? పుస్తకంలో పెడితే ఎండి పొడి అవుతుంది. అప్పుడు గుర్తొచ్చింది, డిగ్రీలో మా కెమిస్ట్రీ మేడం ఒక చింతకాయకు రాగి పూత పట్టించి చూపించిన సంగతి. లోపల చింతకాయ, పైన దాని ముడతలతో సహా రాగి. ఆ ఆకుకూ అలాగే చేద్దామనుకున్నాను. పాప నడిచింది ఆయన చూడలేదు, కనీసం ఆ ఆకైనా చూడాలి.

భయం లేక కాదు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ఎరువుల దుకాణంలో దొరికింది. నీలం రంగు వేసిన కలకండలా ఉంటుంది. దాన్ని చూసిన ప్రతిసారీ పాప నోరే గుర్తొచ్చేది. ఇక యాసిడ్. బ్యాటరీల దుకాణం అతను బంద్ కాబట్టి షట్టర్ సగమే ఎత్తి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చాడు. ఇంటికి రాగానే దాన్ని మందపాటి గాజు సీసాలోకి మార్చి, ఆ కూల్‌డ్రింక్ సీసాను కడిగి ముక్కలుగా కోసేశాను. గాజు సీసా మీద పెద్ద అక్షరాలతో 'విషం' అని రాశాను. రాశాక అనిపించింది, ఇప్పుడు ఈ ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే. ఎవరికోసం రాసినట్టు? దాని మెడకు ఎర్రగుడ్డ కట్టి, కొట్టంలో స్టూలు ఎక్కితే తప్ప నాకే అందనంత ఎత్తున పెట్టాను.

పాప నిద్రపోయాక కొట్టం వెనక ఆరుబయట కలిపాను. ఆయన గనిలో వాడిన పాత కళ్లద్దాలు పెట్టుకుని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకున్నాను. పక్కన బకెట్ నిండా మంచినీళ్లు ఉంచాను. ముందు గాజు జాడీలో బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు, అందులో మైలుతుత్తం. అది పూర్తిగా కరిగాక, గాజు కడ్డీ వెంట సన్నగా యాసిడ్.

అత్తమ్మ దూరంగా నిలబడి చూస్తోంది.

"పోసేదేదో ఒక్కపారి పోయరాదు. పోరికి పాలు పట్టినట్టు పోస్తున్నవ్."

"ఒక్కపారి పోస్తే కాగుతది అత్తమ్మా. యాసిడ్ మీద నీళ్లు పోస్తే మీదికి సిమ్ముతది. నీళ్లల్లనే యాసిడ్ పోయాలె, అదీ కొంచెం కొంచెం."

"గింత పరేషాన్ ఎందుకు? ఆకు పోతే ఇంకో ఆకు లేదా చెట్టుకు?"

ఆమె తప్పుగా ఏమీ అనలేదు. చెట్టు నిండా ఆకులే.

ఆకుకు వార్నిష్ పూసి ఆరబెట్టి, కరెంటు పారేలా పైన మెత్తటి గ్రాఫైట్ పొడి రుద్దాను. రాగి తీగకు కట్టి జాడీలో వేలాడదీశాను. ఎదురుగా ఒక రాగి రేకు. కరెంటు కోతలతో పని లేకుండా టార్చిలైటు బ్యాటరీ పెట్టి, కరెంటు మెల్లగా పారడానికి మధ్యలో చిన్న బల్బు కలిపాను. మరునాటికి తొడిమ దగ్గర గులాబీ రంగు కనిపించింది. మెల్లగా ఈనెల వెంట పాకింది. పాపను చంకనెత్తుకుని దూరం నుంచే చూసేదాన్ని. ఎవరికైనా చెప్పాలనిపించేది. ఫోన్ చేస్తే ఒక్కోసారి కలిసేది కాదు, కలిస్తే ఆయన గొంతు నిండా ఉద్యమమే ఉండేది. పాప పడుకుందా, తిన్నదా అని అడిగేవాడు. ఆకు గురించి అడగలేదు.

ఒక మధ్యాహ్నం పూత ఎంత మందం పట్టిందో చూద్దామని ఆకును బయటికి తీసి చిన్న తొట్టి నీళ్లలో ముంచి కడిగాను. అంతలో పాప లేచి ఏడ్చింది. ఆకును తిరిగి జాడీలో వేలాడదీసి, మూత పెట్టి, తొడుగులు విప్పి లోపలికి పరిగెత్తాను. పాపను ఊరుకోబెట్టి వచ్చేసరికి తొట్టి ఖాళీగా బోర్లించి ఉంది.

"అత్తమ్మా, తొట్టిల నీళ్లేవి?"

"కుడితిల పోసిన."

మా ఇంట్లో నీళ్లు పారబోయడం ఎరగరు. బియ్యం కడిగినవీ, గంజీ, గిన్నెలు తొలిచినవీ అన్నీ బర్రె తాగే కుడితి గోళెంలోకే పోతాయి. జాడీ గురించి ఆమెకు వంద జాగ్రత్తలు చెప్పాను. కడిగిన నీళ్ల గురించి చెప్పాలని నాకు తట్టలేదు.

"బర్రె తాగిందా?"

"ఏడ తాగుతది? ఇంక మేసి రాలే గదా."

పాప తాగేది ఆ బర్రె పాలే. ఆ నీళ్లలోకి మైలుతుత్తం దిగిందని అత్తమ్మకు చెప్పాను. వినగానే ఆమె చెంబు అందుకుంది. ఇద్దరం ఆ కుడితినంతా ముంచి పాత డ్రమ్ములో పోశాం. గోళెం మళ్లీ మళ్లీ కడిగాం, ఆ కడిగిన నీళ్లు కూడా డ్రమ్ములోకే.

సాయంత్రం బర్రె వచ్చింది. ఖాళీ గోళెంలో మూతి పెట్టి అరిచింది. కుడితి తాగుతూ పాలివ్వడం దానికి అలవాటు. ఆ పూట పాలు చేపలేదు. గిన్నె అడుగున నురగ మాత్రమే పడింది. పాలప్యాకెట్ల బండి వచ్చి చాలా రోజులైంది. పాపకు గంజిలో చక్కెర కలిపి పట్టాను.

"ఆకుకు పాణం పోసేటందుకు పోరి కడుపు మాడ్సినవ్," అంది అత్తమ్మ. కోపంగా కూడా కాదు, పొయ్యి వైపు చూస్తూ.

తెల్లారి ఆకును బయటికి తీసేశాను. ఒక అంచున పూత కాగితంలా పలచగా ఉంది, ఇంకొన్ని రోజులు ఉండాల్సింది. జాడీలోనూ డ్రమ్ములోనూ యాసిడ్ విరగడానికి చాకలి సోడా కొద్దికొద్దిగా వేస్తే పొంగి, అడుగున పచ్చటి బురద పేరుకుంది. పాప వాకిట్లో ఆడుతుంటే నా కన్ను డ్రమ్ము మూత మీదే ఉండేది. బస్సులు మళ్లీ నడవసాగాక ఆ బురదను డబ్బాలో బిగించి, కాలేజీ ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాను.

ఆ బస్సుల్లోనే ఆయన కూడా వచ్చాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు. వాకిట్లోనే కూర్చుని చేతులు చాపాడు. పాప కాసేపు చూసి, వెనక్కి తిరిగి, గబగబా నడిచి వచ్చి నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుంది.

"మంచిగనే నడుస్తున్నది," అన్నాడు.

ఆకు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. అంచు వంగుతుందని వేళ్లు ముడవకుండా, దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.