మూడు గుర్తులు చూసే సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయారన్న కబురు నేను నిచ్చెన మీద ఉండగా వచ్చింది. సౌదీలోని హుఫూఫ్‌లో ఒక దుకాణంలో ఏసీ విప్పుతున్నాను. ఆమె భర్త ఫోన్ చేశారు. "డ్యూటీ దిగి వచ్చింది నాయనా. టీ పెట్టమంది. పెట్టేలోపే పోయింది" అన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను ముందు చేసిన పని ఆయన మీద అరవడం. నాడి చూశారా, సరిగ్గా చూశారా, ఇంకో డాక్టర్ని పిలిచారా అని. ఆయనకు కోపం రాలేదు. "చూశారు నాయనా. మూడుసార్లు చూశారు" అన్నారు. ఆ మూడు అన్న మాట విన్నాక స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఈ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో ఆమె చేత సూది వేయించుకోనివాళ్ళు తక్కువ. కృష్ణా జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి చిన్న వయసులో నర్సుగా వచ్చారు. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడు. నేను కడప పిల్లవాణ్ణి, ఏసీ మెకానిక్‌ని. మీటింగుల దగ్గర పంచే కరపత్రాలు, అట్ట చిరిగిన చిన్న పుస్తకాలు చదివి లోకమంతా అర్థమైపోయిందనుకున్నవాణ్ణి. ఎక్కడ ఏ గొడవ జరిగినా దోషి ఎవరో నాకు సగం వినేసరికే తెలిసిపోయేది.

ఒకసారి జ్వరమొచ్చి వాళ్ళ ఆసుపత్రిలో పడుకున్నాను. ఆమె మందు తెచ్చి, "నీ పేరు చెప్పు" అన్నారు.

"ఏంది మ్మా, మొన్న మీ ఇంట్లో ఏసీ బాగుచేసింది నేనే గదా!"

"తెలుసులే. పేరు చెప్పు."

చెప్పాను. చేతికి కట్టిన పట్టీ చూశారు. ఫైలు చూశారు. మూడూ కలిశాకే మాత్ర నా అరచేతిలో పెట్టారు. "నాకు తెలుసు అనుకునే చోటే తప్పు జరిగేది అబ్బాయ్" అన్నారు.

ఆ అలవాటునే ఆమె శుక్రవారం చెరువు మీదికి తీసుకొచ్చేవారు. ఊరికి బయట ఖర్జూరం తోటలో ఒక చిన్న చెరువుంది. తోట యజమాని తల్లి జబ్బుపడినప్పుడు సిస్టరమ్మ చూసుకున్నారు. ఆ కృతజ్ఞతతో ఆయన చేపలు పట్టుకోమన్నాడు, ఒక్క షరతు మీద. ఆయన ముచ్చటపడి పెంచుతున్న పండుగప్ప చేపలను పట్టినా మళ్ళీ వదిలేయాలి. ఎవరో ఎప్పుడో తెచ్చి వదిలితే పెరిగిపోయిన బాస్ చేపలను మాత్రం ఎన్నయినా తీసుకెళ్ళొచ్చు. ఈ షరతు సరిగ్గా జరిగేటట్టు చూడాల్సింది ఒడ్డున కాపలా ఉండే బంగ్లాదేశ్ భాయ్. తేడా వస్తే జవాబు చెప్పాల్సిందీ అతనే.

అంకుల్, అంటే ఆమె భర్త, డ్రైవరు. ఇద్దరు కూర్చునే పసుపురంగు కయాక్ పడవను కారు మీద కట్టి తెచ్చేవారు. సిస్టరమ్మ దాన్ని దోనె అనేవారు. అంకుల్‌కు నీళ్ళంటే భయం కాబట్టి ఒడ్డున టీ కాస్తూ ఉండేవారు. ముందు సీట్లో ఆమె, వెనక నేను. గాలానికి చేప పడగానే భాయ్ ఒడ్డు నుంచి "కౌన్ సా?" అని కేకేసేవాడు, ఏ చేప అని. ఆమె తొందరపడేవారు కాదు. ముందు చెయ్యి నీళ్ళలో తడిపేవారు, పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు పోతుందని. ఆ తర్వాత నుదురు. పండుగప్పకు కంటి పైన నుదురు లోపలికి వంగుతుంది, బాస్‌కు వంపు ఉండదు. ఆ తర్వాత పక్క. బాస్‌కు ఒంటి పొడుగునా నల్లటి చార. చివరికి తోక. పండుగప్ప తోక విసనకర్రలా గుండ్రం, బాస్ తోకకు మధ్యలో చిన్న నొక్కు. మూడూ చూశాక చెయ్యి పైకెత్తేవారు. పిడికిలి అయితే బాస్. అరచెయ్యి విప్పితే పండుగప్ప, వదిలేస్తున్నాం అని. భాయ్ కూడా అదే గుర్తు తిరిగి చూపించేవాడు.

నాకప్పుడు పరాయి చేపల గురించి ఒక కరపత్రం దొరికింది. పడవలో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. "పరాయి చేపను కనికరించకూడదు మ్మా, కనపడగానే చంపాల!"

"మరి మనమెక్కడివాళ్ళంరా ఇక్కడ?" అన్నారామె, వెనక్కి తిరగకుండానే.

ఆ ఉడుకుమోత్తనంలోనే ఉన్నాను, నా గాలానికి చేప పడింది. మబ్బు పట్టి ఉంది. చేప పక్క మీద నల్లగా ఏదో కనిపించింది. "బాస్!" అని పిడికిలి ఎత్తేశాను.

"మూడూ చూశావా?"

"చూసినా మ్మా."

చూడలేదు. ఒక్కటే చూశాను, అదీ సగం. చేపను చంపి ఐసు పెట్టెలో పడేశాను.

ఒడ్డుకు వచ్చేసరికి యజమాని అంకుల్‌తో టీ తాగుతున్నాడు. సరదాగా పెట్టె మూత తీశాడు. చేపను రెండు చేతులతో బయటికి తీసి, నుదుటి మీద వేలు రాశాడు. తన చేప తనకు తెలియదా! కప్పు కింద పెట్టి భాయ్ మీద విరుచుకుపడ్డాడు. కళ్ళెక్కడ పెట్టుకున్నావని, రేపే పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టించి మీ దేశం పంపిస్తానని. భాయ్ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతుల్లో నలుపుతున్నాడు.

నాకు రక్తం మరిగిపోయింది. పేదవాడి పొట్ట మీద కొట్టడమేనా నీకు తెలిసిందని, చదివిన కరపత్రాలన్నీ కలిపి వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాను. సిస్టరమ్మ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. ఆ చేపని చంపిందెవరు?"

అంత మెల్లగా అడిగిన ప్రశ్న నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమెకు అరబీ బాగా వచ్చు. నా తరఫున చెప్పొచ్చు, సర్దిచెప్పొచ్చు. చెప్పలేదు. నా వైపే చూస్తూ నిలబడ్డారు. చివరికి నేనే యజమాని ముందుకెళ్ళి, "అనా గల్తాన్" అన్నాను. తప్పు నాది. చూశానని అబద్ధం కూడా చెప్పానని ఆమెకు తెలుగులో చెప్పాను. దాన్ని ఆమె ఉన్నదున్నట్టు ఆయనకు అరబీలో వినిపించారు. ఒక్క ముక్క తగ్గించలేదు.

ఆయన చేపను మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేశాడు. భాయ్ ఉంటాడు, ఈ పిల్లవాడు మాత్రం నెల రోజులు నీళ్ళలోకి దిగకూడదు అన్నాడు.

ఆ నెలంతా సిస్టరమ్మ కూడా దిగలేదు. శుక్రవారం వస్తే బజారులో ఏదో ఒక చేప కొనుక్కొచ్చి, ఒడ్డున నన్ను కళ్ళు మూసుకోమనేవారు. తడిమి చెప్పు, నుదురెలా ఉంది, తోకెలా ఉంది అని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"తప్పు నాది గదా, మీకెందుకు మ్మా ఈ శిక్ష?"

"ముందు సీట్లో కూర్చున్నది నేను. వెనక్కి తిరిగి ఒకసారి చూడాల్సింది. చూళ్ళేదు" అన్నారు.

నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఈ మాట లేదు. అన్యాయం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని ఆమె కోరుకోనూ లేదు. "అరవొద్దనను. చూసి అరువు" అనేవారు.

ఆమెను సొంత ఊరికి పంపే కాగితాల పని నేనే తిరిగాను. అయిపోయాక మొన్న శుక్రవారం అంకుల్ కయాక్ తెచ్చారు. "ఒకసారి వెళ్ళి రా నాయనా" అన్నారు. ముందు సీటులో ఆమె పరుచుకునే ఆసుపత్రి తువ్వాలు మడత పెట్టే ఉంది. దాన్ని కదపలేదు. భాయ్ పడవను నీళ్ళలోకి తోశాడు. ముందు బరువు లేక కయాక్ మూతి గాలికి పక్కలకు తిరిగిపోతోంది.

చాలాసేపటికి గాలం బరువెక్కింది. ఒడ్డు నుంచి కేక రాలేదు. చేపను పైకి తీసే ముందు చెయ్యి తడుపుకున్నాను. అప్పుడు వినిపించింది, "కౌన్ సా?"

నుదురు చూశాను. పక్క చూశాను. తోక చూశాను. మళ్ళీ ఒకసారి నుదురు చూశాను. చేపను నీళ్ళలో కాసేపు పట్టుకుంటే తోక ఝాడించి నా చేతుల్లోంచి జారిపోయింది. అరచెయ్యి విప్పి పైకెత్తాను. మోచేతి మీదుగా నీళ్ళు కారుతున్నాయి. అవతలి ఒడ్డున భాయ్ చెయ్యి కూడా లేచింది, అరచెయ్యి విప్పి. చాలాసేపు ఇద్దరం దించలేదు.