సెలెరాన్ తోడికోడలిది, డ్యూరాన్ నాది

మా తోడికోడలి కంప్యూటర్‌కి ముందు వైపు ఒక చిన్న స్టిక్కర్ ఉండేది. దాని మీద సెలెరాన్ అని రాసి ఉందని మా అమ్మాయి చెప్పింది. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతాను. కానీ ఆ స్టిక్కర్ ఎంత మెరిసేదో నన్నడిగితే ఇప్పటికీ చెప్తాను. పొద్దున్న కొట్టు తెరవగానే ఆవిడ కొంగుతో దాన్ని తుడిచేది. నేను చూస్తున్నానా లేదా అని చూసి మరీ తుడిచేది. నేను చెప్తుంటే రాస్తున్నావు కదా, ఈ మాట మార్చకుండా రాయమ్మా, నేనన్నది అన్నట్టే ఉండాలి.

మా ఆయన అంబాజీపేటలో జెరాక్సు కొట్టు పెట్టారు. ఆయన పోయాక దాన్ని నేను మూయలేదు. మా అమ్మాయి అమలాపురం వెళ్ళి కంప్యూటర్ మీద తెలుగు అక్షరాలు కొట్టడం, బొమ్మలు పేర్చడం నేర్చుకుని వచ్చింది. శుభలేఖలు మేం తయారుచేసేవాళ్ళం, అచ్చు వేరే ప్రెస్సులో వేయించేవాళ్ళం. మా పక్క గది మరిదిగారిది. ఆయన కువైట్‌లో ఉండేవారు. ఆయన భార్య, అంటే నా తోడికోడలు, ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచడం లేదని ఆ గదిలో తనూ శుభలేఖల కొట్టే పెట్టింది. చీరలు పెట్టుకోవచ్చు, గాజులు పెట్టుకోవచ్చు. నా పక్కనే, నా పనే కావలసివచ్చింది. ఒక పిల్లను కూడా పనికి పెట్టుకుంది.

ఈ పని మొదలుపెట్టేటప్పుడు కంప్యూటర్లు కొనడానికి రాజమండ్రి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం, మా అమ్మాయిని తీసుకుని. కొట్టతను రెండు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

"ఇందులో పనంతా చేసే చిప్పు సెలెరానండీ. టీవీలో పాటొస్తది చూడండి, ఆ కంపెనీదే. వాళ్ళ పెద్ద రకం కొనలేనోళ్ళకి ఈ చిన్న రకం. అదేమో డ్యూరానండీ, ఇంకో కంపెనీ. రేటు తక్కువ."

"తక్కువెందుకూ? తొందరగా పోతుందా?" అన్నాను.

"పోదండీ. వేడెక్కుద్ది, గాలి తగలనివ్వాలి. పని మాత్రం దానికంటే ముందే తెముల్చుద్ది. చిప్పు ఒక్కటే చూసుకుంటే కాదండీ, చిప్పుకి సరుకు అందే దారి కూడా చూసుకోవాలి. సెలెరాన్‌కి ఆ దారి ఇరుకు."

ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. మా ఊళ్ళో కొబ్బరికాయలు ఎంత చురుగ్గా ఒలిచినా, సందులోంచి ఒక్క రిక్షాయే పట్టేట్టయితే లారీ నిండదు. ఒలిచేవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారు.

మా తోడికోడలు అటు తిరగను కూడా తిరగలేదు. "టీవీలో వచ్చేదే ఇవ్వండి. మీ మరిదిగారు ఫోన్‌లో అడుగుతారు కదక్కా, ఏ కంపెనీ అని," అంది. డ్యూరాన్ తీసుకోగా మిగిలిన డబ్బుకి మా అమ్మాయి ర్యామ్ రెండింతలు వేయించింది. కంప్యూటర్ పని చేసేటప్పుడు సామాను పరుచుకునే బల్ల లాంటిదట అది, వెడల్పయితే సుఖం. మా తోడికోడలు లైట్లు వెలిగే స్పీకర్లు కొనుక్కుంది.

చవకలో మంచిది దొరికిందని నాకు తెలుసు. అయినా తిరుగు బస్సులో ఆవిడ ఒళ్ళో ఉన్న డబ్బా మీదే నా కళ్ళు. ఆవిడకి పేరున్నది వచ్చింది, నాకు పనికొచ్చేది వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస.

జనం ఆవిడ కొట్లోకే ముందు వెళ్ళేవారు. "ఇది టీవీలో వచ్చేదేనాండీ?" "ఆయ్, అదేనండీ." మాది మాత్రం పక్క రేకు ఊడదీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి నడిపించేవాళ్ళం. తీగలన్నీ బయటికి కనిపించేవి.

"అక్కా, మీ కంప్యూటర్‌కి ఉక్కపోస్తున్నట్టుంది. విసనకర్ర పంపనా?" అనేది గోడ అవతల నుంచి.

"దానికి పనుందమ్మాయ్, చెమట పడుతుంది. నీదానికి ఆ బాధ లేదుగా," అనేదాన్ని.

శుక్రవారం కువైట్‌లో సెలవు. ఆ మధ్యాహ్నం ఆవిడకి ఫోన్ వచ్చేది. ఆవిడ నవ్వు గోడ దాటి నా కొట్లోకి వచ్చేది. ఫ్యాన్ వేగం పెంచేదాన్ని, చిప్పు కోసం కాదు.

అలా ఉండగా ఒక కొబ్బరి వ్యాపారి కూతురి పెళ్ళి కుదిరింది. ఆయనకి ముక్తేశ్వరం నుంచి రాజోలు దాకా చుట్టాలే. ఆ శుభలేఖ అడుగున మా కొట్టు పేరుంటే అన్ని ఇళ్ళలోకీ వెళ్తుంది, ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళు మా గుమ్మంలోకి వస్తాయి. రాకపోతే కొట్టు ఎత్తేసి అమ్మాయిని ఎక్కడో ఉద్యోగానికి పంపాలి. నా పరిస్థితి అది.

ఆయన రెండు కొట్లకీ ఒకే ఫొటో, ఒకే వినాయకుడి బొమ్మ, ఒకే రాత ఇచ్చి అరుగు మీద కూర్చున్నారు. "ఎవరు ముందు చూపిస్తే వాళ్ళకేనండీ. నాకు అవతల కాయ దింపుతున్నారు."

నేను గుమ్మంలో నిలబడి రెండు వైపులా చూశాను. ఆవిడ తెర మీద వినాయకుడి కిరీటం వచ్చి ఆగింది. కాసేపటికి కళ్ళు వచ్చాయి. తొండం దగ్గర ఇసక గడియారం తిరుగుతూ కూర్చుంది. స్పీకర్ల లైట్లు మాత్రం బాగా వెలుగుతున్నాయి. మా తెర మీద ఎలుకతో సహా వచ్చేశాడు.

"డబ్బా చూస్తే ఊడిపోయినట్టుందిగానీ పని బాగుందండీ. మీకేనండీ," అన్నారాయన.

అప్పుడు ఆయన భార్య ఆయన్ని పక్కకి పిలిచింది. మెల్లగానే అంది, నాకు వినపడింది. "మొదటి కార్డు ఎవరి చేతి మీదుగా తీసుకుంటామండీ?"

మా వైపు ఆనవాయితీ, ప్రెస్సు నుంచి వచ్చిన కట్ట విప్పి, కార్డుల నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది ముత్తైదువ చేత్తో ఇవ్వాలి. మా అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు. ఆయన నా నుదుటి వైపు చూసి చూపు తిప్పుకున్నారు. చిప్పు ఎంత వేగమైతే మాత్రం దీనికేం చేస్తుంది.

మా తోడికోడలు లేచి వచ్చింది. "దానికేముంది పిన్నిగారూ, కార్డు మా అక్క చేత్తారు. పసుపు నేను రాసిత్తాను. ఒకే ఇల్లు కదండీ."

అందరికీ నచ్చింది. బేరం నాకే ఉంది. ఆవిడకి ఒక మంచి మాట చెప్పమని మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. నేను చెప్పలేదు.

అప్పట్లో అందరూ పెట్టుకున్నట్టే కొట్టు పేరు కుడి చేతి వైపు అడుగు మూలన, చిన్న అక్షరాలతో పెట్టించాను. కట్ట వచ్చిన రోజు ఆవిడ తలంటుకుని, పువ్వులు పెట్టుకుని, తన కొట్లో చాప వేసుకుని కూర్చుంది. గిన్నెలో పసుపు కలుపుకుని బొటనవేలితో ఒక్కొక్క కార్డూ అద్దుతుంటే చేతి నిండా గాజులు గలగలమన్నాయి. నేను గుమ్మం అవతల స్టూలు మీద ఉన్నాను. నన్నెవరూ లోపలికి రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. ఒక్క కార్డుకి పసుపు రాయడానికి ఇచ్చేట్టయితే నా డ్యూరాన్ ఇచ్చేసేదాన్ని, ఆ రెండింతల ర్యామ్‌తో సహా.

పెళ్ళయిన కొన్నాళ్ళకి బజార్లో ఒకావిడ ఆపింది. "ఆ పెళ్ళి కార్డు ఎవరు చేసేరండీ? బాగుంది. పేరు కనపడలేదు."

ఇంటికి వచ్చి మా కార్డు తీసి చూశాను. మూడు మూలల పసుపు గోరంత ఉంది. నాలుగో మూల బొటనవేలంతా దిగింది. మా పేరు దాని కింద ఉంది. తోడికోడలి దగ్గరున్న రెండు కార్డులు కూడా అడిగి తెచ్చి చూశాను. అలాగే ఉన్నాయి. తిరిగి ఇస్తూ ఆవిడ కొట్లోనే అడిగాను.

"ఈ మూలే ఇంత పసుపేంటమ్మాయ్?"

"ఆఖరు మూల కదక్కా, వేలికున్నదంతా అక్కడే తుడిచేసుంటాను. పసుపు ఎక్కువైతే మంచిదే కదండీ," అంది. మొహంలో ఏమీ లేదు. స్టిక్కర్ తుడుచుకుంటోంది.

కావాలని చేసిందో, వేలు అలా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తర్వాత ఇంకో పెళ్ళి వచ్చింది. పసుపు మళ్ళీ ఆవిడదే. కార్డు ప్రెస్సుకి పంపే ముందు మా అమ్మాయి పక్కన కూర్చున్నాను.

"పేరు ఆ మూల నుంచి తీసెయ్. అడుగున, నడిమధ్యకి తే."

"పిన్ని ఏమనుకుంటుందమ్మా?"

"అనుకోనీ. మూలలు నాలుగేగా."