సున్నం కింది సిపాయిలు

తాండూరు విశ్రాంత చరిత్రోపాధ్యాయులు, మా గురువర్యులు నర్సింలు సారు మొన్న పరమపదించారు. ఆ వార్త వినగానే దిగ్భ్రాంతితో నేను చేసిన మొదటి పని ఆయన నంబరుకే ఫోన్ చేయడం. ఇంత అన్యాయం జరిగితే చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

ఆయన నెమ్మదిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. "చరిత్ర చెప్పేటోడు గుసగుస పెట్టొద్దురా!" అనేవారు.

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో ఒక గుట్టవాలున తెల్లని రాళ్ల వరుసలున్నాయి. గొర్రెల కాపరులకు అవి మందను కాచే దేవుళ్లు. ఏటా మందను దూరపు మేతకు తోలే ముందు వాటికి సున్నం పూసి, పసుపు పెట్టి మొక్కుతారు. కొన్నేళ్ల కిందట ఆ నేలను ప్లాట్లు చేయడానికి బుల్డోజరు వస్తోందని తెలిసి సారు నన్ను బండి మీద ఎక్కించుకొని ఉరికారు. రాళ్లను చూడగానే ఎగిరి గంతేశారు.

"దేవుండ్లు గిట్ల లైన్ల నిలవడతరారా? ఇది పల్టన్, సిపాయిల పటాలం!"

సున్నం గీకబోతే కాపరుల పెద్ద మల్లమ్మ కర్ర అడ్డం పెట్టింది. "దేవుని తోలు ఒలుస్తవా సారూ? నా మంద ఆగమైతది."

"తల్లీ, సున్నం కింద పేరుంటది, అది సూపెట్టకుంటె ఇయ్యాల అన్ని రాళ్లు గుంజి పారేస్తరు. ఒక్కటి గీకనియ్యి. మల్ల నేనే సున్నమేస్త."

ఆమె చాలాసేపు గొర్రెల వంక చూసి, సరేనంది. పెచ్చులు రాలి ఉర్దూ అక్షరాలు బయటపడ్డాయి. సారు చిన్ననాటి చదువుతో కూడబలుక్కొని చదివారు. సిపాయి కరీం, యుద్ధంలో తగిలిన గాయాలతో ఇక్కడ కన్నుమూశాడు! ఆయన వేసిన కేకకు మంద చెదిరిపోయింది. అది అమరసైనికుల శ్మశానవాటిక! తరతరాల సున్నమే ఆ అక్షరాలను ఎండావానల నుంచి కాపాడింది.

"ఎవరి కొడుకో పాపం, మా గొర్లకు గింత కాలం కావలున్నడు," అంటూ మల్లమ్మ ఆ రాతిని తడిమింది. మధ్యాహ్నం డోజరు వస్తే ఇద్దరూ ఎదురు నిలిచారు. అధికారులు వచ్చి, రాత చూసి, పని ఆపించారు. ఆడిన మాట తప్పకుండా సారే ఆ రాతికి సున్నం పూశారు. అక్షరాలను మాత్రం వదిలేశారు.

నిన్న మల్లమ్మకు వార్త చెప్పడానికి వెళ్లాను. గుండెలు బాదుకొని ఏడ్చింది. ఆ తర్వాత ఒక తాండూరు బండ తెప్పించి, "సారుకు గీడనే రాయి పెడ్త," అంది.

"అమ్మా, ఇది సిపాయిల జాగ. సారు బడిపంతులు. చరిత్ర తప్పయితది."

"నాతోని గా డోజరు ముంగట నిలవడ్డది ఎవరు మరి? పట్టు, జర ఆ కొస పట్టు."

పరీక్షలో ఒక్క తేదీ తప్పు రాసినా క్షమించని గురుదేవా, మీ పేరిట ఒక తప్పు ఆ గుట్ట మీద శాశ్వతంగా నిలిచింది. దాన్ని నా చేతులతో నేనే నిలిపాను. కేకేసి దిద్దడానికి మీరు లేరు.